నా వల్లనే ఇట్లయింది అనుకునేవారికి



పోయిన సంచికలో షుగరు జబ్బు గురించి రాశాం. ఈసారి రాసేది రక్తపరీక్షలో తేలేది కాదు, ఎక్స్‌రేలో కనపడేదీ కాదు. అయినా సూర్యాపేట నుంచి, కోదాడ నుంచి, మిర్యాలగూడ నుంచి బస్సు దిగి మన ఓ.పి.కి వచ్చేవారిలో చాలామంది దాన్ని మోసుకునే వస్తారు. చీటీ రాయించుకునేటప్పుడు చెప్పరు. డాక్టరు గారి ముందు కూర్చున్నప్పుడూ చెప్పరు. అంతా అయిపోయి, మందుల సంచీ పట్టుకొని తలుపు దాకా పోయి, అక్కడ వెనక్కి తిరిగి అడుగుతారు. "మేడం, నేను చేసిన దానివల్లనేనా ఇట్లయింది?"

బయట ఇంకా నలభై మంది కూర్చొని ఉంటారు. తలుపు దగ్గర నిలబడి ఆ ప్రశ్నకు సరైన జవాబు చెప్పడం మాకు ఎప్పుడూ కుదరలేదు. "అట్లాంటిదేం లేదమ్మా, ఏమీ అనుకోకు" అని పంపించేస్తాం. ఆ జవాబుతో ఎవరి మనసూ తేలికపడదని మాకూ తెలుసు. అందుకే ఈ నెల పాఠం దాని మీదనే. ఇంట్లో ఒకరు చదివి, చదవలేనివారికి వినిపించండి.

పేరులోనే తీర్పు

పై పెదవి చీలి పుట్టిన బిడ్డను చూసి మనం ‘గ్రహణం మొర్రి’ అంటాం. డాక్టర్లూ ఆ మాటే వాడతారు, మేమూ వాడతాం. వేరే పేరు చెబితే ఎవరికీ అర్థం కాదు. కాని ఒక్కసారి ఆగి ఆ మాట వినండి. జ్వరం, కామెర్లు, ఉబ్బసం, ఈ పేర్లలో ఎవరి తప్పూ లేదు. గ్రహణం మొర్రి అన్నప్పుడు మాత్రం పేరే తీర్పు చెబుతుంది. గ్రహణం పట్టింది, కడుపుతో ఉన్న మనిషి జాగ్రత్తగా ఉండలేదు, అందుకే బిడ్డకు ఈ గతి పట్టింది అని. కాన్పు గదిలోనో, గది బయట వరండాలోనో ఎవరో ఒకరు ఆ మాట అననే అంటారు. అప్పటి నుంచి తల్లి రోజులు లెక్కపెట్టుకోవడం మొదలుపెడుతుంది.

2023 ఫిబ్రవరిలో మన ప్రసూతి వార్డులో ఒక చిన్న వయసు తల్లికి తొలి కాన్పులో ఆడపిల్ల పుట్టింది. మిర్యాలగూడ అవతల పల్లె. బిడ్డ బరువు 2 కిలోల 700 గ్రాములు, ఏడుపు బాగుంది, కాళ్లూ చేతులూ బాగున్నాయి. ఎడమ పక్క పై పెదవి చీలి ఉంది, నోటి లోపల అంగిలి కూడ చీలి ఉంది. రెండు రోజులు ఆ తల్లి బిడ్డ ముఖం మీద చీర కొంగు తియ్యలేదు. మూడో రాత్రి, పక్క మంచాలవాళ్లు నిద్రపోయిన తరవాత, డ్యూటీలో ఉన్న సిస్టరుతో మెల్లగా చెప్పింది. "సిస్టరమ్మా, గ్రహణం నాడు నేను దోసకాయ కోసిన. అత్తమ్మ పండుకొమ్మన్నది. పండుకున్న గాని, మళ్ల లేచి కోసిన. ఎవ్వరికీ చెప్పలే."

ఆమె చెప్పిన గ్రహణం 2022 అక్టోబరు 25న, దీపావళి మరునాడు వచ్చింది. సాయంత్రం అయిదు గంటల ప్రాంతంలో మొదలై పొద్దు గూకేదాకా ఉంది. రాత్రి వంటకు కూర తరుక్కునే వేళ. అప్పటికి ఆమెకు ఆరో నెల.

ఇక్కడ కొంచెం శరీర శాస్త్రం చెప్పాలి. ఓపికగా చదవండి, ఈ పాఠానికంతటికీ ఇదే ఆయువుపట్టు. కడుపులో బిడ్డ ముఖం ఒకే ముక్కగా తయారు కాదు. కుడి పక్క నుంచి కొంత, ఎడమ పక్క నుంచి కొంత, పై నుంచి కొంత పెరుగుతూ వచ్చి నడుమ కలుసుకుంటాయి. మీ ముక్కు కింద, పై పెదవి నడుమ ఉన్న చిన్న గాడి మీద వేలు పెట్టి చూడండి. మనందరి ముఖమూ అట్లా కలిసిందే. పై పెదవి ఏర్పడే పని గర్భంలో నాలుగో వారానికీ ఏడో వారానికీ మధ్య జరుగుతుంది. అంగిలి కలిసే పని ఆరు నుంచి తొమ్మిది వారాల లోపల ముగుస్తుంది. చాలామంది ఆడవాళ్లకు అప్పటికి నెల తప్పిన సంగతి కూడ సరిగా తెలియదు. ఆ కలిసే పని ఏ కారణం చేతనైనా పూర్తి కాకపోతే అక్కడ సందు మిగిలిపోతుంది.

అంటే ఆ పెదవిని ఏదీ కొయ్యలేదు. అది తెగిన పెదవి కాదు, కలవని పెదవి. ఆమె దోసకాయ కోసిన సాయంత్రానికి ఆ పెదవి, ఆ అంగిలి ఏర్పడే పని ముగిసి మూడు నెలలు దాటింది. ఆ రోజు ఆమె కత్తిపీట ముట్టినా, ముట్టకపోయినా, చీకటి గదిలో కదలకుండా పడుకున్నా, బిడ్డ ముఖం అట్లాగే ఉండేది.

ఇట్లాంటి బిడ్డలు ప్రపంచమంతటా పుడతారు. సుమారుగా 700 కాన్పులకు ఒకరు. గ్రహణం నాడు గర్భిణి పడుకోవాలన్న ఆచారం ఎన్నడూ వినని దేశాల్లోనూ పుడతారు. మన పెద్దలకు 1980 ఫిబ్రవరి 16 గుర్తుండే ఉంటుంది. ఆ రోజు సంపూర్ణ సూర్యగ్రహణం మన నల్గొండ జిల్లా మీదుగానే పోయింది. పట్టపగలు చీకటి పడింది. హైదరాబాదు దగ్గర జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీలో శాస్త్రవేత్తలు దాన్ని పరిశీలించారు, మన ఊళ్లలో మాత్రం వీధులన్నీ ఖాళీ, తలుపులన్నీ మూత. గ్రహణాన్ని వట్టి కళ్లతో చూస్తే కళ్లు పాడవుతాయన్నది నిజం. అది గర్భిణికే కాదు, అందరికీ వర్తిస్తుంది. బిడ్డ పెదవికి సంబంధించినది మాత్రం ఆ చీకటిలో ఏమీ లేదు. గ్రహణమంతా కదలకుండా పడుకున్న తల్లులకు పుట్టిన మొర్రి బిడ్డలను కూడ మేము చూశాం. వాళ్లు "అప్పుడు ఒక్కసారి ఒళ్లు గోక్కున్నానేమో" అని వెతుక్కుంటారు. నేరం ముందే ఖాయమైంది కాబట్టి సాక్ష్యం ఏదో ఒకటి దొరికేదాకా వెతుకుతారు.

మరి కారణం ఏమిటి అంటారా? ఎక్కువమందిలో ఇదీ అని ఒక్క కారణం చూపలేం. వంశపారంపర్యంగా వచ్చే గుణాలు కొన్ని, గర్భంలోని పరిస్థితులు కొన్ని కలిసి అట్లా జరుగుతుంది. తల్లికి గర్భానికి ముందు నుంచే అదుపులో లేని షుగరు ఉండడం, పొగ తాగడం, కొన్ని రకాల ఫిట్స్ మాత్రలు దీని అవకాశాన్ని కొంత పెంచుతాయి. (ఇది చదివి ఫిట్స్ మాత్రలు మీ అంతట మీరు మానెయ్యకండి. గర్భం రాకముందే డాక్టరును కలిస్తే మందు మార్చవచ్చు.) మేనరికపు పెళ్లిళ్లలో పుట్టుకతో వచ్చే లోపాలు మొత్తం మీద మామూలు కంటే కొంత ఎక్కువ. గర్భం కావాలనుకున్నప్పటి నుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మాత్ర వేసుకుంటే మెదడు, వెన్నెముక లోపాలను చాలావరకు ఆపవచ్చు. మొర్రి విషయంలో అంత గట్టిగా చెప్పలేం గాని ఆ మాత్ర వేసుకోవడం మంచిదే. ఇదంతా రాబోయే కాన్పు కోసం చెబుతున్నాం. పోయిన కాన్పుకు శిక్ష వెయ్యడానికి ఈ వాక్యాలను వాడుకోవద్దని అత్తలకు, ఆడపడుచులకు ప్రత్యేకంగా మనవి.

మొదటి నెలల్లో గర్భం పోయిన వారిదీ ఇదే కథ. బిందె ఎత్తినందుకు పోయిందనీ, కోదాడ పెళ్లికి బస్సులో పోయినందుకు పోయిందనీ, మొగుడితో కొట్లాడి ఏడ్చినందుకు పోయిందనీ అంటారు. తెలిసిన గర్భాలలోనే నూటికి పది నుంచి ఇరవై దాకా నిలవవు. తొలి మూడు నెలల్లో పోయేవాటిలో సుమారు సగం పిండంలోని క్రోమోజోముల లోపం వల్ల పోతాయి. ఆ లోపం బిందె ఎత్తడానికి చాలా ముందే, గర్భం నిలిచిన గంటలోనే ఉంటుంది.

నీళ్లు పోసిన చేయి

పైన చెప్పినవన్నీ తల్లి ఏమీ చెయ్యని సంగతులు. కొందరి బాధ ఇంతకంటే కష్టమైనది. వాళ్ల చేతి మీదుగానే జరిగింది. మన జిల్లాలో దీనికి పెద్ద ఉదాహరణ ఫ్లోరైడు నీళ్లు.

సాగరు ఎడమ కాలువ పారిన మిర్యాలగూడ, కోదాడ వైపు వాళ్లకు ఈ బాధ తక్కువ. కాలువ అందని మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు పల్లెల్లో వంగిన కాళ్లు, బిగుసుకున్న వెన్నులు మనమందరం చూసినవే. ఆ నేల కింది రాతిలోనే ఫ్లోరైడు ఉంది, అది ఊటనీటిలో కలుస్తుంది. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ముందు పళ్లు గారపడతాయి, ఆ తరవాత ఎముకలు చెడతాయి. మన దేశంలో ఈ జబ్బును మొదట గుర్తించింది 1937లో, అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు నల్గొండ జిల్లా పిల్లల మోకాళ్లు లోపలికి వంగిపోవడం గురించి వైద్య పత్రికలో రాశారు. నాగపూరులోని ‘నీరి’ సంస్థవారు పటిక, సున్నం, బ్లీచింగు పౌడరు కలిపి ఫ్లోరైడును తగ్గించే విధానం కనిపెట్టి దానికి ‘నల్గొండ పద్ధతి’ అని పేరు పెట్టారు. 2016లో మిషన్ భగీరథ మొదలైన తరవాత ఆ పల్లెలకు నది నీళ్లు వచ్చాయి. ఇంత చరిత్ర నడిచింది. కాని వంగిన ఎముక తిరిగి నిటారు కాదు.

ఆ పల్లెల తల్లుల సంగతి ఆలోచించండి. ఊరికి బోరు పడితే కొబ్బరికాయ కొట్టి సంతోషపడ్డారు. చెరువు నీళ్ల కంటే బోరు నీళ్లు శుభ్రమని అధికారులే చెప్పారు. నడినెత్తిన ఎండలో మోసుకొచ్చి, బిడ్డ దప్పికన్నప్పుడల్లా పోశారు. మరీ జాగ్రత్త గలవాళ్లు కాచి చల్లార్చి పోశారు. కాచితే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడు పోదు. నీళ్లు ఇగిరిన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. అందరికంటె ఎక్కువ జాగ్రత్త తీసుకున్న తల్లి బిడ్డకు ఆ జాగ్రత్త ఏమీ అడ్డుపడలేదు. "మా ఇంటి మీద ఏదో శాపం" అనుకున్నవాళ్లు కొందరు. నీళ్ల సంగతి తెలిసిన తరవాత "నా చేతులతో నేనే పోసిన గదా" అని ఏడ్చినవాళ్లు మరి కొందరు. ఈ రెండోవాళ్ల దుఃఖమే ఎక్కువని మాకు అనిపిస్తుంది. శాపమైతే దేవుడి మీదికి పోతుంది, ఇది తన చేతి దగ్గరే ఆగిపోతుంది.

ఆ తల్లితో "నువ్వు పొయ్యలేదు" అంటే అబద్ధం. పోసింది. అయితే ఏం తెలిసి పోసింది? ఈ ఒక్క ప్రశ్న దగ్గరే మనం ఎక్కువసేపు నిలబడాలి. ఇవ్వాళ అన్నీ తెలిసిన మనిషివి నువ్వు. ఆ రోజు ఏమీ తెలియని మనిషిని పిలిచి బోనులో నిలబెట్టి, "ఎందుకు పోశావు" అని అడుగుతున్నావు. ఆమె ఏం చెబుతుంది పాపం? "బిడ్డకు దప్పికైంది" అంటుంది. ఆ జవాబు నిజమైనది, సరిపోయినది.

కరోనా కాలంలో ఇదే పని కొడుకుల మనసుల్లో జరిగింది. 2020 ఏప్రిల్‌లో సూర్యాపేటలో కూరగాయల మార్కెట్ చుట్టుపక్కల కేసులు వచ్చినప్పుడు, మళ్లీ 2021 వేసవిలో, బయటికి పోయి సరుకులు తెచ్చిన మనిషికి ఏమీ కాలేదు, ఇంట్లో మంచం మీద ఉన్న తండ్రి పోయాడు. "నేనే తెచ్చి అంటించిన" అనే మాట మన ఓ.పి.లో ఇంకా వినపడుతూనే ఉంది. ఆ జబ్బు దగ్గు, జ్వరం బయటపడడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఎదుటివారికి అంటుతుంది, కొందరిలో బయటపడకుండానే అంటుతుంది. ఇంటికి బియ్యం తెచ్చిన మనిషికి అది తెలిసే దారి లేదు.

ఎందుకు వదలదు?

ఇంత చెప్పిన తరవాత కూడ చాలామందికి మనసు కుదుటపడదు. డాక్టరు గారు బొమ్మ గీసి చూపించి, వారాలు లెక్కగట్టి చెప్పినా, "అయినా నేను లేవకపోతే బాగుండేది" అంటారు. మొదట్లో మాకిది మొండితనంగా అనిపించేది. ఇప్పుడు వేరేగా అర్థమవుతోంది. తప్పు నాదే అనుకుంటే ఒక విధంగా ఊరట ఉంది. కారణం తెలిసినట్టు ఉంటుంది. ఇంకోసారి దోసకాయ కొయ్యకుంటే చాలు, అంతా సవ్యంగా ఉంటుందన్న ధైర్యం వస్తుంది. ఎవరి తప్పూ లేకుండానే ఇట్లాంటివి జరుగుతాయని ఒప్పుకోవడం దానికంటే భయంగా ఉంటుంది. కాబట్టి ఆ నిందను ఒక్కరోజులో లాగి పారేయమని మేము చెప్పడం లేదు. దాని బదులు ఆ దుఃఖానికి మామూలు దుఃఖంగా ఉండే చోటు ఇవ్వండి. బిడ్డ ముఖం అనుకున్నట్టు లేదని ఏడవవచ్చు. అందుకు నేరం ఒప్పుకోవలసిన పని లేదు.

మన సంఘంలో కొందరు ఈ బాధలో ఉన్న ఇంటికి ప్రార్థనకు పోయి, వెంటనే "ఏదైనా దాచిన పాపం ఉందేమో పరీక్షించుకోండి" అంటారు. మంచి మనసుతోనే అంటారు. యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టు గుడ్డివాణ్ణి చూసి శిష్యులు అదే ప్రశ్న వేశారు, పాపం ఇతనిదా, తల్లిదండ్రులదా అని. ప్రభువు ఆ రెండూ కాదన్నాడు. యోబు స్నేహితులను మనం తప్పుపడతాం గాని, వాళ్లు మొదట చేసిన పని చాలా మంచిది. ఏడు రాత్రులు, ఏడు పగళ్లు ఒక్క మాటా మాట్లాడకుండా అతని పక్కన నేల మీద కూర్చున్నారు. నోరు తెరిచిన తరవాతనే చెడింది. వేరే విశ్వాసాల వారింట్లో పూర్వజన్మ పాపం అంటారు, గ్రహచారం అంటారు. మాట వేరు, తల్లి మీద పడే బరువు ఒక్కటే.

భర్తల సంగతి కూడ ఒక మాట. ఆడవాళ్లు తలుపు దగ్గరైనా అడుగుతారు. మగవాళ్లు అదీ అడగరు. ఎక్కువ తాగడమో, ఇంటికి ఆలస్యంగా రావడమో చేస్తారు. దాని వెనక కూడ "నా వల్లనే" అన్నమాటే ఉందని మేము ఎన్నోసార్లు చూశాం. అన్నా, వచ్చి కూర్చొని అడుగు. ఎవరూ నవ్వరు.

కొంత తప్పు నిజంగా ఉన్నప్పుడు

కొన్ని చోట్ల తప్పు ఉంటుంది. లేదని చెబితే ఆ మనిషి మన మాట నమ్మడు, ఆ తరవాత ఇంకే మాటా నమ్మడు. హైదరాబాదు-విజయవాడ హైవే మన సూర్యాపేట, కోదాడ మీదుగానే పోతుంది. లైసెన్సు వయసు రాని కొడుకు చేతికి బండి తాళం ఇచ్చిన తండ్రులు మన క్యాజువాలిటీ బయట కూర్చోవడం మాకు కొత్త కాదు. తాళం ఇచ్చింది ఆయనే. కాని రాత్రిపూట లైట్లు లేకుండా రోడ్డు పక్కన ఆపిన లారీ ఆయనది కాదు. హెల్మెట్టు ఇంట్లో ఉండగానే పెట్టుకోకుండా పోయింది కొడుకు. ఆయన వాటా ఎంతో అంతే ఆయనది. దాన్ని పూర్తిగా ఒప్పుకోవాలి, ఎవరి ముందు ఒప్పుకోవాలో వాళ్ల ముందు ఒప్పుకోవాలి, చిన్నవాడికి తాళం ఇవ్వకూడదు. లారీవాడి వాటాను, చీకటి వాటాను కూడ తన నెత్తిన వేసుకొని జీవితమంతా మొయ్యడం పశ్చాత్తాపం కాదు. దానివల్ల పోయిన బిడ్డకూ, మిగిలిన బిడ్డలకూ ఏ మేలూ లేదు.

ఈ పాఠం చెప్పే అర్హత మాకు ఎట్లా వచ్చిందో కూడ చెప్పాలి. తప్పు చేసి నేర్చుకున్నాం. ఆ మిర్యాలగూడ తల్లి వార్డులో ఉన్న రెండో రోజు, రౌండ్లకు పోయిన మా వాళ్లలో ఒకరు అందరి ముందు, "ఏమమ్మా, స్కానింగు చేయించుకోలేదా? ముందే తెలిసేది గదా" అన్నారు. ఆమె రెండు స్కానింగులు చేయించుకుంది. అంగిలి చీలిక చాలాసార్లు స్కానింగులో దొరకదు. ముందే తెలిసినా కడుపులో ఉండగా అతికించేది కాదు. ఆ మాట అనవలసిన అవసరమే లేదు. దోసకాయ సంగతి సిస్టరుకు చెప్పుకున్న మరునాడు పొద్దున్నే, పాలు పట్టే పద్ధతి ఇంకా పూర్తిగా నేర్పకముందే, వాళ్లు బిడ్డను తీసుకొని వెళ్లిపోయారు. వారానికి రమ్మన్న తేదీకి రాలేదు. మేము కూడ ఎవరినీ పంపలేదు.

ఇరవై రోజులకు ఆశా కార్యకర్త ఫోను చేసింది. బిడ్డ బరువు 2 కిలోల 200 గ్రాములకు పడిపోయింది. తల్లి బిడ్డను లోపలి గదిలోనే ఉంచుతోంది, ఎవరికీ చూపడం లేదు. అంగిలి చీలిన బిడ్డ రొమ్ము పట్టుకుంటుంది గాని పీల్చలేదు. గంటసేపు రొమ్ము దగ్గర ఉండి ఆకలితోనే అలిసి పడుకుంటుంది. పాలు పట్టినట్టే కనపడుతుంది. ఆ తల్లి "నా పాపానికి నా దగ్గర పాలు కూడ లేకుండ పోయినయి" అనుకుంది. పాలు పుష్కలంగా ఉన్నాయి. నింద ఇంత దూరం పోతుంది. మనసుకే కాదు, బిడ్డ ప్రాణం మీదికి వస్తుంది.

ఇట్లాంటి బిడ్డ మీ ఇంట్లోగాని, మీ వీధిలోగాని పుడితే ఇవి గుర్తుంచుకోండి. తల్లిపాలు చేత్తో పిండి ఉగ్గుగిన్నెతోనో, చెంచాతోనో కొద్దికొద్దిగా పట్టాలి. బిడ్డను పడుకోబెట్టి కాదు, దాదాపు కూర్చోబెట్టినట్టు ఎత్తి పట్టుకోవాలి. నడుమ నడుమ ఆపి భుజాన వేసుకొని తేన్పు వచ్చేదాకా తట్టాలి. ముక్కులోంచి కొంచెం పాలు వస్తే భయపడవద్దు. మొదటి నెలలో వారం వారం బరువు చూపించండి. పెదవి ఆపరేషను మూడు నుంచి ఆరు నెలల వయసులో, బరువు, రక్తం సరిపోయినప్పుడు చేస్తారు. అంగిలి ఆపరేషను తొమ్మిది నుంచి పద్దెనిమిది నెలల లోపల. మాట సరిగా రావడానికి ఆ వయసు దాటకుండా చేయించడం ముఖ్యం. చెవులు కూడ పరీక్ష చేయించాలి, ఈ బిడ్డలకు చెవిలో నీరు చేరడం ఎక్కువ. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో మొర్రి కూడ ఉంది, అంగన్‌వాడీకి వచ్చే డాక్టర్ల బృందానికి చూపిస్తే వాళ్లే పంపుతారు. స్మైల్ ట్రైన్ వంటి సంస్థల సాయంతోనూ ఉచితంగా ఆపరేషన్లు జరుగుతున్నాయి. తల్లిదండ్రులకు మొర్రి లేకుండా ఒక బిడ్డకు వస్తే, తరవాతి కాన్పులో మళ్లీ వచ్చే అవకాశం నూటికి మూడు నుంచి అయిదు. అంటే తొంభై అయిదు మందికి పైగా రాదు. రెండో పెళ్లి మాటలు మాట్లాడే పెద్దలు ఈ లెక్క చూడండి.

ఇంకొకటి. రెండు వారాలకు పైగా నిద్ర లేకపోవడం, తిండి సహించకపోవడం, బిడ్డను ముట్టుకోవాలనిపించకపోవడం, నేను లేకపోతేనే వీళ్లకు మేలు అనే ఆలోచన రావడం, ఇవి మనసుకు వచ్చిన జబ్బు లక్షణాలు. కాన్పు తరవాత ఇది చాలామందికి వస్తుంది, మందులతో, మాటలతో తగ్గుతుంది. చావు ఆలోచన వస్తే ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా అదే రోజు ఏ ఆసుపత్రికైనా తీసుకెళ్లండి. ఇంటి నుంచి మాట్లాడాలంటే టెలి మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు, డబ్బు పడదు.

ఆశా కార్యకర్త ఫోను వచ్చిన మరునాడు మేము ముగ్గురం ఆ పల్లెకు పోయాం. రౌండ్లలో ఆ మాట అన్నవారు కూడ వచ్చారు. అత్తగారు మంచినీళ్లిచ్చి పక్కకు నిలబడింది. ఆమె వింటుండగానే, "ఆ రోజు నేనన్న మాట తప్పు. స్కానింగులో ఇది దొరకదు. దోసకాయకూ దీనికీ సంబంధం లేదు" అని మా వారు చెప్పారు. తల్లి ఏమీ అనలేదు. అత్తగారు మాత్రం, "దోసకాయేంది?" అని అడిగింది. కోడలు తల వంచుకుంది. కాసేపటికి ఆ పెద్దావిడ, "నా నడిపోడు కడుపుల ఉన్నప్పుడు గ్రహణం నాడు నేను కట్టెలే కొట్టిన. వాడు మంచిగనే పుట్టిండు" అని లోపలికి పోయి ఉగ్గుగిన్నె కడిగి తెచ్చింది. వెండిది, వాళ్లమ్మ పెట్టినదట. ఆ గిన్నెతోనే సిస్టరు పాలు పట్టి చూపించింది. బిడ్డ మొదటిసారి కడుపునిండా తాగి పడుకుంది.

పెదవి ఆపరేషను ఆరో నెలలో, అంగిలిది పద్నాలుగో నెలలో హైదరాబాదులో అయ్యాయి. ‘ప’, ‘బ’ ఇంకా కొంచెం ముక్కులోంచి వస్తున్నాయని మొన్న తల్లి వచ్చినప్పుడు చెప్పింది. స్పీచ్ థెరపీ చెప్పే మేడం ఏ వారం వస్తారో చీటీ మీద రాయించుకొని పోయింది. ఈసారి తలుపు దగ్గర వెనక్కి తిరగలేదు, మిర్యాలగూడ బస్సుకు టైమైందని తొందరపడింది.